సరిచూశావా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, పదిమందికీ పనికొచ్చే మాట ఏదైనా పది నిమిషాలు చెప్పు" అన్నారు. నేను పళ్ల ఆసుపత్రి గురించి చెబుతాను. ఇది నేను చేసిన ఒక తప్పు కథ. ఇందులో మన బడి వాళ్లు ముగ్గురున్నారు. ఒకణ్ణి నేను. రెండో మనిషి నాకు మూడేళ్లు జూనియర్ అయిన మా చెల్లెలు. మూడో వారు మన లెక్కల మాస్టారు. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను. "నా పన్ను సంగతి చెబితే చెప్పావు గానీ, ఏ పన్నో మాత్రం సరిగ్గా చెప్పు" అన్నారు. ఆ మాట ఎందుకన్నారో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

1985లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. ఇంజనీరింగు అయ్యాక ముప్పై ఏళ్ల పైగా సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాను. ఎక్కువకాలం చేసిన పని ఒకటే. పెద్ద సంస్థల లెక్కలను పాత కంప్యూటర్ వ్యవస్థ నుంచి కొత్త వ్యవస్థలోకి మార్చడం. లక్షల ఖాతాలు ఒక్క రాత్రిలో మార్చిన రోజులున్నాయి. అందుకే రెండేళ్ల కిందట మా చెల్లెలు, "అన్నయ్యా, క్లినిక్‌లో సాఫ్ట్‌వేర్ మార్చాలి, నువ్వు చూసిపెట్టాలి" అన్నప్పుడు నవ్వేశాను. "రెండు ఆదివారాల పనమ్మా" అన్నాను.

మార్చక తప్పని పరిస్థితి. ఆమె 2010లో కొన్న ప్రోగ్రాం విండోస్ 7 మీద నడుస్తోంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరితోనే మద్దతు ఆపేసింది. ప్రోగ్రాం అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేసి చాలాకాలమైంది. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దాని హార్డ్ డిస్క్ పోతే 8,000 మంది పైచిలుకు పేషంట్ల చరిత్ర పోయినట్టే.

పళ్ల డాక్టరు దగ్గరి రికార్డుకు ఒక ప్రత్యేకత ఉంది. జ్వరానికి వెళితే నాలుగు రోజుల్లో కథ ముగుస్తుంది. రూట్ కెనాల్ అయితే రెండు మూడు సిట్టింగులు, ఆ తర్వాత క్యాప్. పిల్లలకు క్లిప్పులు వేస్తే ఏడాదిన్నర, రెండేళ్లు. డబ్బు కూడా విడతలుగా ఇస్తారు. కాబట్టి ఏ రోజున మార్చినా, ఆ రోజుకు వైద్యం సగంలో ఉన్నవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు.

ఇక పళ్ల నంబర్లు. మన దేశంలో డాక్టర్లు ఎక్కువగా వాడేది రెండంకెల పద్ధతి. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. పేషంటుకు కుడివైపు పైన 1, ఎడమవైపు పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. ప్రతి భాగంలోనూ నడిమి ముందుపన్ను 1, చివరి జ్ఞానదంతం 8. పై కుడి ముందుపన్నును పదకొండు అనరు, ఒకటి-ఒకటి అంటారు. అమెరికా పద్ధతి వేరు. అక్కడ పై కుడి జ్ఞానదంతం 1. అక్కడినుంచి వరసగా పై ఎడమ చివరకు 16, దాని కింద 17, తిరిగి కింది కుడి చివరకు 32.

పాత ప్రోగ్రాం లోపల అమెరికా నంబర్లు దాచుకుంది. ఆ సంగతి మా చెల్లెలికీ తెలియదు. తెర మీద పళ్ల బొమ్మ ఉండేది. ఏ పన్నుకు వైద్యం చేస్తే ఆ పన్ను మీద నొక్కేది. నంబరు చూడాల్సిన అవసరమే రాలేదు.

ఆదివారం రాత్రి పాత వివరాలన్నీ కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కించాను. వైద్యం తాలూకు వరసల్లో సగానికి దగ్గరగా తిప్పికొట్టింది. అలాంటి పన్ను నంబరు లేదంది. అవన్నీ 1 నుంచి 10 వరకు, ఇంకా 19, 20, 29, 30. నేను అక్కడే ఆగాల్సింది. చెల్లెలికి ఫోన్ చేసి, "ఒకటి, రెండు, మూడు అని కూడా నంబర్లు వేస్తారా?" అన్నాను. "చదువుకునే రోజుల్లో ఒక్కో భాగానికి 1 నుంచి 8 అని కూడా రాసేవాళ్లం" అంది. సరే, ఇవన్నీ పాత పద్ధతివి, తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టేశాను. ఆమె చెప్పింది 8 వరకే సరిపోతుంది. మరి 9, 10, 19, 20, 29, 30 సంగతేమిటి? ఆ రాత్రి నేను అడుక్కోలేదు.

తిప్పికొట్టినవి 14 నంబర్లు. మిగిలిన 18 నంబర్లు రెండు పద్ధతుల్లోనూ ఉన్నాయి కాబట్టి కిక్కురుమనకుండా లోపలికి వెళ్లిపోయాయి. తర్వాత కూర్చుని చూశాను. ఆ 18లో ఒక్క నంబరు కూడా రెండు పద్ధతుల్లో ఒకే పన్నును చూపించదు.

సోమవారం పొద్దున మొదటి పేషంటు మన లెక్కల మాస్టారు. ఎడమ కింది దవడలో జ్ఞానదంతానికి ముందుది. రూట్ కెనాల్ ఒక సిట్టింగు అయింది. అమెరికా పద్ధతిలో అది 18. మన పద్ధతిలో 18 అంటే పై కుడి జ్ఞానదంతం. తెర మీద అదే మెరుస్తోంది. "మాస్టారూ, పైన కుడివైపు వెనకపన్ను కదా?" అంది చెల్లెలు. "ఆ పన్ను నేను రిటైరైన ఏడాదే నువ్వు పీకేశావు కదమ్మా!" అన్నారు ఆయన. పీకిన సంగతి పాత ప్రోగ్రాంలో 1వ నంబరు కింద ఉంది. అది నేను పక్కన పెట్టిన వరసల్లో ఉండిపోయింది. నోరు తెరిచి చూసి, ఎక్స్‌రే తీశాకే డాక్టరు చెయ్యి వేస్తారు కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు. మాస్టారు కుర్చీలోంచి తల తిప్పి, మూలన నిలబడ్డ నన్ను చూసి, "ఏరా, సరిచూశావా?" అన్నారు.

భాగాహారం చేశాక "సరిచూచుట" అని రాసి, భాజకాన్ని భాగఫలంతో గుణించి, శేషం కలిపి, భాజ్యం వచ్చిందని చూపించకపోతే ఆయన సగం మార్కులు కోసేవారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జవాబు ఒప్పే కదా సార్ అంటే, "ఒప్పని నీకెలా తెలుసురా?" అనేవారు. యాభై దాటాక అదే ప్రశ్న మళ్లీ విన్నాను. మళ్లీ జవాబు లేదు.

ఇంతటితో అయిపోతే నవ్వుకునేవాళ్లం. ఆ సాయంత్రం పన్ను వాపుతో ఒకావిడ వచ్చారు. చెల్లెలు చూసి, అమాక్సిసిలిన్ రాసింది. చీటీ బయట కౌంటర్లో ప్రింటవుతుంది. అక్కడ పనిచేసే అమ్మాయి క్లినిక్ తెరిచిన రోజు నుంచీ ఉంది, చదివింది పదో తరగతి. చీటీ పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, ఈవిడ స్టార్ పేషంటు కదా! ఈ మందు పడదు."

అప్పుడు తెలిసింది. పాత ప్రోగ్రాంలో అలర్జీ రాయడానికి వేరే గడి లేదు. పెన్సిలిన్ పడనివాళ్ల పేరు ముందు ఒక స్టార్, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రెండు స్టార్లు పెట్టడం ఆ అమ్మాయి చేసిన ఏర్పాటు. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిదే. పడనివాళ్లలో కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ స్టార్లు ఏమయ్యాయి? నేనే తీసేశాను. పేర్ల ముందు చెత్త గుర్తులేవో ఉన్నాయని, ఒక్క ఆదేశంతో అన్నీ తుడిచి, పేర్లు శుభ్రంగా ఉన్నాయని సంతోషించాను.

ఆ మందు ఆవిడ నోట్లో పడలేదు. అందులో నా గొప్పేమీ లేదు. రెండు ఆదివారాలు ఆ కౌంటర్ కుర్చీలోనే కూర్చుని పనిచేశాను. రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. డాక్టరును అడిగాను, అమ్మినవాళ్లను అడిగాను. ఆమెకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇది ఇక్కడ పైకి ఒప్పుకోవాలనే ఈ కథ ఎంచుకున్నాను.

ఆ రాత్రే పాత ప్రోగ్రాంకు వెనక్కి వెళ్లాం. ఈసారి ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. స్టార్లతో పాటు ఇంకా చాలా చెప్పింది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు ఉంటుందని, నంబరు బట్టి వెతికితే తండ్రి బదులు కొడుకు వస్తాడని చెప్పింది. వయసు గడిలో ఉన్నది మొదటిసారి వచ్చిన రోజు వయసని చెప్పింది. అంటే 2011లో 42 అని రాసినాయన ఇంకా 42 దగ్గరే ఉన్నాడు. వైద్యం సగంలో ఉన్నవాళ్ల జాబితా, బాకీల జాబితా కాగితం మీద రాసుకున్నాం. పన్ను నంబర్లు మార్చే పట్టిక మా చెల్లెలు స్వయంగా రాసి సంతకం పెట్టింది. 30 మంది పేషంట్లను ఎంచి, పాత తెర, కొత్త తెర, ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ చూశాం. మొత్తం బాకీ రెండింటిలోనూ రూపాయితో సహా కలిసింది. రెండు వారాలు రెండు ప్రోగ్రాంలూ నడిపాక పాతది ఆపాం. దాని కాపీ ఇప్పటికీ బీరువాలో ఉంది. రెండు ఆదివారాల పని రెండు నెలలైంది.

మీలో డాక్టర్లున్నారు, దుకాణాలున్నవాళ్లు ఉన్నారు, బడులు నడిపేవాళ్లు ఉన్నారు. ఏదో ఒకరోజు మీరూ మార్చాల్సి వస్తుంది. కొత్తది కొనేముందు, రేపు దీన్ని వదిలేయాలంటే మా వివరాలు మా చేతికి ఎలా ఇస్తారని అడగండి. యంత్రం తప్పని చెప్పినవాటిని ఎలాగూ చూస్తారు. ఒప్పని మింగేసినవాటిని కూడా కొన్ని తీసి చూడండి. అర్థంకాని గుర్తు కనిపిస్తే తుడిచేముందు, అది పెట్టినవాళ్లెవరో కనుక్కోండి.

మన బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించాలని సంఘం అనుకుంటోంది. ఆ పనిలో నేనూ చేరతాను. అయితే ఒక మనవి. ఆ రిజిస్టర్ల అంచుల్లో పెన్సిలు గీతలు, ఎర్రసిరా గుర్తులు ఉన్నాయి. వాటి అర్థం తెలిసిన పాత గుమాస్తా గారు, అటెండరు గారు ఈ సభలోనే వెనక వరుసలో కూర్చున్నారు. మొదటి రోజు పని వాళ్లిద్దరినీ కూర్చోబెట్టుకుని మొదలుపెడదాం.

మాస్టారి పన్నుకు క్యాప్ పడింది. ఎడమవైపు కింద, మూడు-ఏడు. ఈసారి సరిచూశాను, మాస్టారూ.

సెలవు.