చెరువు గట్టు దాకా చేరాల్సిన చదువు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న జీవశాస్త్ర పట్టభద్రులందరికీ హృదయపూర్వక అభినందనలు.

మేడ్చల్, శామీర్‌పేట ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పెట్టింది పేరు. పందిళ్ల నిండా అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడిన నేల ఇది. ఆ తోటలు చాలావరకు వెంచర్లయిపోయాయి. పక్కనే తుర్కపల్లిలో ప్రయోగశాలలున్న జీనోమ్ వ్యాలీ ఉంది. కొవాగ్జిన్ టీకా అక్కడే తయారైంది. ఇటు చూస్తే శామీర్‌పేట పెద్ద చెరువు. పండు, ప్రయోగశాల, చెరువు ఇంత దగ్గరగా ఉన్న చోట చదువుకున్నారు మీరు. ఈ మూడింటినీ కలిపే పని ఒకటి మీ చేతుల్లో పెట్టాలని వచ్చాను.

సాయంత్రం పూట రాజీవ్ రహదారి మీద ఏదైనా జ్యూస్ బండి దగ్గర ఆగి చూడండి. మిషన్ పక్కన బస్తా నిండా బత్తాయి తొక్కలు, పిప్పి. తెల్లారేసరికి అది చెత్తకుప్పలో పులిసిపోతుంది, ఈగలు ముసురుతాయి. ఆ తొక్కలో విటమిన్ సి ఉంది, ఫ్లేవనాయిడ్లు, పెక్టిన్ ఉన్నాయి. మనలాగే చాలా రకాల చేపలు కూడా విటమిన్ సిని ఒంట్లో తయారుచేసుకోలేవు. మేతలో అందకపోతే వెన్ను వంకర తిరుగుతుంది, పుండ్లు మానవు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

ఇప్పుడు చేపల సాగు చేసే కైకలూరు వైపు చెరువులు చూద్దాం. రైతులు తవుడు, వేరుశెనగ చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి, గెడలకు కట్టి నీళ్లలోకి దించుతారు. చేపలు చిల్లుల దగ్గర మూతులు పెట్టి మేత లాక్కుంటాయి. సాగు ఖర్చులో సగానికి పైగా ఈ మేతకే పోతుంది. దానికి తోడు జబ్బు వస్తే మందుల ఖర్చు. యాంటీబయాటిక్‌లు విచ్చలవిడిగా వాడితే సూక్ష్మజీవులు వాటికి లొంగకుండా పోతాయి. ఆ నష్టం చెరువుతో ఆగదు, మన ఇళ్లకూ వస్తుంది. అందుకే జబ్బు పడ్డాక మందు వెతకడం కన్నా, పడకుండా మేతతోనే కాపాడుకోవడం మేలు.

పారేసే పండ్ల తొక్కలతో ఆ పని చేయవచ్చనడం ఊహ కాదు. శీలావతి, అంటే రోహు చేపలకు అరటితొక్క పిండి కలిపిన మేత పెట్టి చేసిన పరిశోధన 2016లో వెలువడింది. నూరు గ్రాముల మేతలో ఐదు గ్రాముల పిండితో 60 రోజులు పెంచిన చేపలు బాగా ఎదిగాయి, ఏరోమోనాస్ హైడ్రోఫిలా సూక్ష్మజీవిని మెరుగ్గా తట్టుకున్నాయి. ఆ ఐదు గ్రాముల లెక్కను గుర్తుపెట్టుకోండి. మంచిదే కదా అని ఎక్కువ వేస్తే పీచు, టానిన్లు జీర్ణానికి అడ్డు తగులుతాయి.

పచ్చి తొక్కలను చెరువులో గుమ్మరించడం మేత కాదు, అపకారం. అవి కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే రైతు గుండె ఆగిపోతుంది. తొక్కలో ఎక్కువ భాగం నీరే కాబట్టి త్వరగా ఆరబెట్టాలి. మండుటెండలో ఆరబెడితే విటమిన్ సి పోతుంది. తడి మిగిలితే బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరి చేపల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తోటలో కొట్టిన పురుగుమందుల అవశేషాలనూ పరీక్షించాలి. ఏ పండు తొక్క, ఏ చేపకు, ఎంత, ఎన్నాళ్లు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేకుండా రైతు చేతిలో పొట్లం పెట్టే హక్కు మనకు లేదు.

మీ నుంచి నేను కోరేది ఇదే. ప్రయోగశాల తొట్టెలో గెలిచినదాన్ని చెరువులోనూ పరీక్షించండి. మత్స్య సహకార సంఘం సభ్యుల దగ్గర కూర్చోండి. ఏ నెలలో ఏ జబ్బు వస్తుందో వాళ్లకు తెలుసు. ఫలితం రాకపోతే రాలేదని అదే గొంతుతో చెప్పండి. ఒక్క పంట పోతే అప్పుల పాలయ్యే మనిషికి, మీరు ఇవ్వగల అన్నిటికన్నా విలువైన సాయం నిజం చెప్పడమే.

ఆ నిజాయితీతో పని చేస్తే మీ పట్టాకు సార్థకత.