కుట్టు తిరగేసి చూడు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి వద్దు, ఆ పాత కార్ల పిచ్చి ఉంది చూడు, దాని గురించి చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్లుగా చెన్నైలో కార్ల విడిభాగాల పరిశ్రమలో ఇంజనీరుగా ఉన్నాను. ఆదివారాలు మాత్రం పాత స్పోర్ట్స్ కార్ల సీట్ల కింద దూరి ఉంటాను. ఈ సీటు తోలు ఫ్యాక్టరీలో కారుతో పాటే వచ్చిందా, మధ్యలో ఎవరైనా మార్చారా అని చూసి చెప్పమంటారు. "ఇంట్లో సోఫా చిరిగితే చూడరు గానీ" అని మా ఆవిడ అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఈ పిచ్చి పట్టింది షోలవరంలో. మనం మద్రాసు వెళ్లేటప్పుడు జి.ఎన్.టి. రోడ్డు మీద రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ కార్ల పందేలు జరిగేవి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపేది. ఇంటర్ చదివే రోజుల్లో మా మామయ్య నన్ను ఒకసారి తీసుకెళ్లాడు. పందెం అయ్యాక ఒక పాత ఎం.జి. కారు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎర్ర తోలు సీటు, ఎండకు పగిలి, మన చెరువు ఎండిపోయినప్పటి నేలలా ఉంది. అది చిరుగులని నేను అనుకున్నాను. అది కారు వయసు అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ లోపల ఒక తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాను. 1961 నుంచి మద్రాసులోనే తయారైన కారు అది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ అనేవారు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు ఆ ఛాసిస్ నుంచే పుట్టింది. నా కారు సీట్లు పాతబడ్డాయని ఒక్క రోజులో మొత్తం పీకేసి, కొత్త రెక్సిన్ వేయించి, పాతది పెరట్లో తగలబెట్టాను. నాలుగేళ్లకు ఒక పెద్దాయన వచ్చి, "నా హెరాల్డ్ సీట్లు సరిగ్గా చేయించాలి, నీ పాత కవరు ఒక్కసారి చూపిస్తావా? కుట్లు ఎలా ఉన్నాయో, గీతల మధ్య దూరం ఎంతో కొలుచుకుంటాను" అన్నారు. ఏం చూపించను? ఇంజను చెడితే బాగు చేయవచ్చు, రంగు పోతే మళ్లీ వేయవచ్చు. ఫ్యాక్టరీలో వేసిన తోలు ఒక్కసారే వస్తుంది.

అప్పటి నుంచి, పీకే ముందు చూడటం నేర్చుకున్నాను. ఎలా చూడాలో మాత్రం నాకు నేర్పింది మన బడే. ఎనిమిదో తరగతిలో క్రాఫ్ట్ మాస్టారు మన చేత గుడ్డ సంచులు కుట్టించేవారు, గుర్తుందా? పైవైపు చూసేవారే కాదు. సంచి తిరగేసి, లోపలి కుట్టు చూసి మార్కులు వేసేవారు. స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టేవారు. నాకెప్పుడూ పదికి నాలుగు దాటలేదు. ఇవాళ నేను చేసే పని అదే. సీటు తిరగేసి చూస్తాను.

మన దేశంలో ఈ పని కొంచెం కష్టం. 1950లలో కార్ల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. ఉన్న విదేశీ కార్లకు విడిభాగాలు దొరకడం గగనమైంది. సీటు చిరిగితే ఇంగ్లండు నుంచి కవరు తెప్పించుకునే వీలు లేదు. బజారులో కుషన్ పని చేసే మేస్త్రి ఉన్న సరుకుతో చేసిపెట్టేవాడు. అందువల్ల మన కార్లలో ఒకే సీటులో సగం ఇంగ్లండు, సగం మన ఊరు ఉంటుంది.

మొదట చూడాల్సింది ఎక్కడ తోలు ఉంది, ఎక్కడ లేదు అని. అంతా తోలు ఉంటే అసలుదని చాలామంది అనుకుంటారు. ఆ కాలపు ఎం.జి. టి-సిరీస్ కార్లలో మన ఒళ్లు ఆనే భాగాలకే తోలు వేసేవారు. పక్కలకూ వెనక్కూ తోలులా కనిపించే గుడ్డ వాడేవారు. మనం రెక్సిన్ అంటాం కదా, అది నిజానికి ఒక ఇంగ్లీషు కంపెనీ పేరు. నూలు గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, తోలు గీతలు అచ్చుగుద్దేవారు. ఇప్పుడు బజారులో రెక్సిన్ పేరుతో అమ్మేది పి.వి.సి. కాబట్టి అలాంటి కారులో సీటు వెనకవైపు కూడా మెత్తటి తోలు కనిపిస్తే సంతోషపడకండి, అనుమానపడండి.

తర్వాత తోలు. భూతద్దం పెట్టి చూస్తే వెంట్రుకల రంధ్రాల వరస కనిపిస్తుంది. ఆవు తోలులో సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. బర్రె తోలులో ముతకగా, దూరంగా ఉంటాయి. ఇంగ్లండు కార్లకు వాడింది ఆవుజాతి తోళ్లు. మన దగ్గర దొరికేది ఎక్కువగా బర్రె తోలు. ఈ విషయాలు నాకు చెప్పింది అడయారులో తోలు శాస్త్రం చదివిన స్నేహితుడు. 1948లో పెట్టిన అక్కడి కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు ప్రపంచంలో పేరు తెచ్చినవారు మన తెలుగువారు, యలవర్తి నాయుడమ్మగారు.

మూడోది లోపలి మెత్త. స్ప్రింగులు, గుర్రపు వెంట్రుకలు, పత్తి, రబ్బరు పాల నురుగు, ఇవి పాతవి. రబ్బరు నురుగు డన్‌లప్ వాళ్లు 1929లో కనిపెట్టారు. ఇప్పుడు మనం స్పాంజి అనే పాలియురెథేన్ ఫోమ్ 1950ల మధ్య నుంచి గానీ మార్కెట్లోకి రాలేదు. 1951 కారు సీటులో ఆ ఫోమ్ ఉంటే అది తర్వాత పెట్టిందే. దారం చూడటానికి నోట్లు పరీక్షించే నీలం లైటు చాలు. తెల్లదనం కోసం రసాయనం కలిపిన కొత్త దారం ఆ వెలుతురులో మెరుస్తుంది. పాత నూలు దారం మెరవదు. మెరవలేదు కాబట్టి అసలుదే అనుకోకూడదు. పాత రకం దారంతో తర్వాత కూడా కుట్టవచ్చు కదా.

నాలుగోది, నాకు ఎక్కువ నమ్మకమైనది, మన సముద్రపు గాలి. మన అల్లూరు, ఇస్కపల్లి వైపు ఉప్పు కొటార్ల గాలికి కొత్త సైకిలు ఏడాదికే తుప్పు పట్టడం అందరికీ అనుభవమే. సీటు తోలును చెక్కకు చిన్న మేకులతో కొడతారు. చెట్టు బెరడుతో ఊనిన తోలులో టానిన్ ఉంటుంది. దానికి ఇనుప తుప్పు తగిలితే నల్లబడుతుంది. కరక్కాయతో, అన్నభేదితో మన పెద్దలు సిరా చేసుకున్నదీ, శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఈ గుణం వల్లే. అలా ప్రతి మేకు చుట్టూ తోలు మీద ఒక నల్ల వలయం పడుతుంది. మేకు తీసి చూస్తే చెక్క మీద కూడా మరక ఉంటుంది. రెండూ కలిస్తే ఆ తోలు, ఆ చెక్క చాలా ఏళ్లు కాపురం చేశాయని అర్థం. చెక్కలో రెండు వరసల రంధ్రాలుండి, తోలులో ఒకే వరస ఉంటే ఇది రెండో పెళ్లి.

ఏ ఒక్క గుర్తుతోనూ తీర్పు చెప్పకూడదు. నాలుగూ ఒకే మాట చెబితేనే నోరు తెరవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికి నా స్నేహితుడి అనుమతి తీసుకున్నాను. మన బడివాడే, ఇక్కడే ఉన్నాడు. పేరు చెప్పను, మీరు వెనక్కి తిరిగి చూడొద్దు.

వాళ్ల నాయన 1950ల చివర్లో మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎం.జి. టి.డి. కొన్నారు. 1950 నుంచి 1953 వరకు ఇంగ్లండులో ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో సుమారు ముప్పై వేలు తయారైన మోడల్ అది. ఎక్కువ భాగం అమెరికాకు పోయాయి. మన వైపు వచ్చినవి అరుదు. ఆయన పోయాక కారు వడ్ల కొట్టం పక్కన షెడ్డులో ఉండిపోయింది. 2017లో మావాడికి రొయ్యల గుంటల్లో దెబ్బ తగిలింది. బ్యాంకు నోటీసు వచ్చింది. బెంగళూరు నుంచి ఒకాయన కారు కొంటానన్నాడు. సీట్లు ఫ్యాక్టరీవేనని తెలిసినవాళ్లు రాసిస్తే నాలుగు లక్షలు ఎక్కువ ఇస్తానన్నాడు.

మావాడు ఫోన్ చేశాడు. "ఒక కాయితం ముక్క రాసివ్వరా" అన్నాడు.

వెళ్లాను. రెండు రోజులు చూశాను. వీపు ఆనే భాగం నిక్షేపంగా ఫ్యాక్టరీది. ఒకే వరస రంధ్రాలు, ప్రతి దాని చుట్టూ నల్ల వలయం, మడతలో దాగిన చోట ఇంకా ముదురు ఎరుపు. కూర్చునే రెండు మెత్తలు అలా లేవు. చెక్కలో రెండు వరసల రంధ్రాలు. తోలు బర్రెది. అడుగున గోనెపట్ట తిరగేస్తే దాని మీద తెలుగు అక్షరాలు, 'మొలగొలుకులు' అని. ఆబింగ్‌డన్‌లో మన నెల్లూరు బియ్యం తిన్నారని నేను ఎక్కడా చదవలేదు. (నవ్వులు) కొబ్బరి పీచు మధ్యలో, కుట్టేసిన కవరు లోపల, 1961 అని ఉన్న పది నయా పైసల బిళ్ల దొరికింది. సందులోంచి జారే చోటు కాదు. అంటే ఆ మెత్త కుట్టింది 1961లోనో, ఆ తర్వాతో.

మావాడికి చెప్పాను. "పైకి ఏం తేడా తెలుస్తాదిరా? ఆయనేమైనా సీటు కోసి చూస్తాడా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. "అవతల బ్యాంకోళ్లు గడప తొక్కతా ఉంటే నువ్వు మేకులు లెక్కపెట్టుకుంటా ఉండావు" అన్నాడు. అది నిజమే. వాళ్లమ్మ లోపలి నుంచి కాఫీ తెచ్చిపెట్టి ఏమీ అనకుండా వెళ్లారు. మాటకన్నా అది ఎక్కువ బాధనిపించింది. చిన్నప్పుడు ఆ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నానో నాకే లెక్క లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే బజారుకు వెళ్లి, పాత కుషన్ మేస్త్రులెవరైనా ఉన్నారా అని అడిగాను. ఒకాయన ఉన్నారు, డెబ్భై దాటాయి. ఫోన్లో సీటు ఫొటోలు చూపించాను. కళ్లద్దాలు పైకి నెట్టి, మూల దగ్గర కుట్టు పెద్దది చేసి చూపించమన్నారు. "మూలలో రెండు కుట్లు వెనక్కి పోయుండాయే, అది మా నాయన పద్ధతి. తోలు ఆయనే కోశాడు, నేను కుట్టినా. మద్రాసు పెరియమేటకు పోయి తోలు తెచ్చినాం" అన్నారు. కాసేపాగి, "అది ఇంకా ఉండాదా నాయనా?" అన్నారు. ఆయన మొహంలో సంతోషం చూసి నాకు సిగ్గేసింది. ఎందుకంటే ముందు రోజు ఫోన్లో మా ఆవిడతో ఆ మెత్తలను 'నకిలీవి' అన్నాను. సరుకు దొరకని రోజుల్లో, పాత కవరు విప్పి, దాన్నే కొలతగా పెట్టుకుని, గీత గీతకూ సరిపోయేలా తండ్రీకొడుకులు చేసిన పని అది. వాళ్లు ఎవరినీ మోసం చేయలేదు. దాన్ని ఇంగ్లండుదని నేను రాస్తేనే అది మోసమయ్యేది.

కాయితం రాశాను. వీపు భాగం ఫ్యాక్టరీది. రెండు మెత్తలు 1961కి ముందు కాని కాలంలో నెల్లూరు జిల్లాలో ఫలానా మేస్త్రి, ఆయన కొడుకు చేసినవి, అసలు కవరు కొలతల ప్రకారం చేసినవి. పేర్లతో సహా రాసి, ఫొటోలు జతచేశాను. మావాడు కాయితం తీసుకుని, చదవకుండా జేబులో పెట్టుకున్నాడు. బెంగళూరాయన నాలుగు లక్షలు ఇవ్వలేదు. లక్షన్నర మాత్రం ఎక్కువ ఇచ్చాడు. మిగతా అప్పు తీర్చడానికి మావాడు రోడ్డు పక్క రెండు ఎకరాలు అమ్ముకున్నాడు. ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు.

తర్వాత ఒక రోజు వాడే ఫోన్ చేశాడు. కొన్నాయన సీట్లు మార్చలేదట. మెత్తలు అలాగే ఉంచి, మేస్త్రిగారిని బెంగళూరు పిలిపించి, విడిపోయిన ఒక్క కుట్టు వేయించాడట. ప్రపంచ పాత కార్ల సమాఖ్య 2012లో ట్యూరిన్ పత్రం పేరుతో ఒప్పుకున్న సూత్రాలు కూడా ఇదే దారి. ఉన్నది వీలైనంత ఉంచు, మార్చింది రాసిపెట్టు. "నువ్వు అబద్ధం రాసుంటే మేస్త్రి పేరు ఆ కాయితంలో ఉండేది కాదు గదరా" అన్నాడు మావాడు. రెండు ఎకరాల సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ భూమి ధర ఇప్పుడెంతో ఇద్దరికీ తెలుసు.

చివరిగా సంఘానికి ఒక మనవి. ఈ యాభై ఏళ్లలో మన బడిలో పాత బల్లలు, మ్యాపులు, క్రాఫ్ట్ గదిలోని కుట్టుమిషన్లు చాలా పోయాయి. స్టోర్‌రూంలో ఇంకా కొన్ని ఉన్నాయని నిన్న చూశాను. కొత్త భవనం పనులు మొదలయ్యే ముందు, పారేసే ముందు, ఒక ఆదివారం మనం నలుగురం కూర్చుని ఒక్కో వస్తువు తిరగేసి చూద్దాం. ఏ బల్ల ఎవరు చేశారో, ఎవరు బాగు చేశారో రాసిపెడదాం. భూతద్దం, నీలం లైటు నేను తెస్తాను.

క్రాఫ్ట్ మాస్టారు ఈ సభకు వచ్చి ఉంటే ఆ కాయితం ఆయనకు చూపించేవాణ్ణి. పదికి ఐదైనా వేసేవారేమో. సెలవు.