పాత కారులు – గేరు మర్మము

పాత కారులలో చేతితో మార్చు గేరు మేలా, తనంతట మారు గేరు మేలా యని పలువురు నన్నడుగుచుందురు. అమెరికాలో 1940 నమూనా ఓల్డ్స్‌మొబైలుతో రెండవది వ్యాప్తికి వచ్చెను. 2014లో తయారీ నిలిచిన మన అంబాసిడరు మొదటి తెగది.

ఒకప్పుడు నేను అంబాసిడరులో రాయచోటినుండి కడపకు వచ్చుచుంటిని. గువ్వలచెరువు కనుమలో డ్రైవరు పెట్రోలు మిగులునని గేరు తీసివేసి బండిని పల్లమునకు వదలెను. మాటిమాటికి త్రొక్కుటచే బ్రేకులు కాగి పట్టు సడలెను. అతడు తత్తరపడక మూడవ గేరును, పిమ్మట రెండవదానిని వేయగా ఇంజనే వేగమును పట్టి తగ్గించెను. బ్రతికితిమి.

తనంతట మారు గేరు పట్టణపు రద్దీలో క్లచ్చి త్రొక్కు ఎడమకాలికి విశ్రాంతి నిచ్చును. కాని పాత బండ్లలో అది ముందున్న పల్లము నెరుగదు. నడుపువాడే మీటను క్రింది గేరునకు దింపవలెను. కావున మేలు యంత్రమున గాదు, వివేకమున నున్నది. ఏ బండియైనను, ఏ గేరున కనుమ నెక్కుదురో ఆ గేరుననే దిగుడు.