వస్త్రక్షాళనము – జలరక్షణము

మన వస్త్రముల మాలిన్యమును పోగొట్టిన నీరు తన పని ముగిసినదని అంతర్ధానము కాదు. అది తూముల వెంట కాలువలకును, కాలువల వెంట చెరువులకును చేరి, అందలి జీవరాశికి హితమో అహితమో చేయుచునే యుండును.

బోరుబావుల నీటియందు కాల్షియము, మెగ్నీషియము లవణములు మిక్కుటముగా నున్నచో సబ్బు నురుగక తెట్టుగా మారును గనుక, ఆ కాఠిన్యము నణచుటకై డిటర్జెంటు పొడులలో ఫాస్ఫేటులను చిరకాలముగా కలుపుచు వచ్చిరి. అయితే పైరున కెరువెట్టిదో నాచునకు ఫాస్ఫరస మట్టిది. అది హెచ్చినకొలది నాచు విపరీతముగా పెరిగి, తుదకు చచ్చి కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించి, మత్స్యజాతికి ఊపిరాడనీయదు. కావున ఫాస్ఫేటులు లేని పొడిని ఎన్నుకొని, దానినైనను మితముగా వాడుట ప్రథమ కర్తవ్యము.

పట్టుచీరలకు, ఉన్నిబట్టలకు మన పెద్దలు వాడిన కుంకుడురసము నేటికిని శ్రేష్ఠమే. అందలి సపోనినులు జిడ్డును విడదీసి, పిదప సూక్ష్మజీవులచే జీర్ణమగును; కాని అవియే చేపలకు విషప్రాయములు గనుక, ఆ నీటిని చెరువున కలుపక నేలపై పారబోయుట మేలు.

ఇక యంత్రముతో నుతుకువారు నీటిని కాచుటకే విద్యుత్తు అధికముగా వ్యయమగునని యెరిగి, యంత్రము నిండువరకు బట్టలు కూడబెట్టి, చన్నీటితో నుతికి, దండెముపై ఆరవేయుదురు గాక! మన దేశమున ఎండకు కొదువ లేదు, దానికి వెలయు లేదు.