మన ఫోను, మన సహచరుల చిరునామాలు

(రాయపూరులో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాయపూరు–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ మార్గాననే మన పెద్దలు ఎందరో బ్రతుకుదెరువు వెదుక్కుంటూ ఈ నగరానికి వచ్చారు. ఇంటికి వ్రాసే ఉత్తరంలో ఏ కబురు పోస్టుకార్డు మీద వ్రాయవచ్చునో, ఏ కబురుకు కవరు కొని అంటించవలెనో వారికి ఎవరూ నేర్పలేదు. చదువురాని తల్లులకు కూడా ఆ వివేచన ఉండేది. నేడు ప్రతివారి జేబులోనూ ఫోను ఉన్నది గాని, ఆ వివేచన ఫోను విషయంలో మనకింకా అలవడలేదు. ఈ సంగతినే నేడు మీ ముందుంచదలచాము.

ఉత్తరం గోప్యత మన తపాలా సోదరులకు క్రొత్త విషయం కాదు. 1898 నాటి తపాలా చట్టం ఉత్తరాలను అడ్డగించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. 1986లో ఆ అధికారాన్ని మరింత విస్తరింపజేసే సవరణ బిల్లును పార్లమెంటు ఆమోదించగా, రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దానిపై సంతకం చేయలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అయినను 2023 నాటి క్రొత్త తపాలా చట్టంలో అడ్డగించే అధికారం కొనసాగుతూనే ఉన్నది. హక్కు కాగితం మీద ఉండగానే సరిపోదన్నది కార్మికులకు వేరే చెప్పవలసిన పని లేదు.

ఇక యాప్‌ల సంగతి. వాట్సాప్‌లో మనం పంపే సందేశం అంటించిన కవరు వంటిది. లోపలి మాటను ఆ కంపెనీ సైతం చదవలేదు. కాని సార్టింగు చేసినవారికి తెలుసు, కవరు విప్పకుండానే ఎంత తెలుస్తుందో! ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్న వివరం కవరు పైననే ఉంటుంది. ఒక సమ్మె సన్నాహాన్ని పసిగట్టడానికి అంతమాత్రం చాలు. టెలిగ్రామ్‌లో మామూలు సంభాషణలకు ఆ అంటింపు కూడా లేదు. రహస్య సంభాషణ అని ప్రత్యేకంగా ఎంచుకున్నప్పుడే ఉంటుంది. సిగ్నల్ అనే యాప్ ఉన్నది (పేరు మన రైల్వే మిత్రులకు పరాయిది కాదు). దానిని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, ప్రకటనలు లేవు, కవరు పై వివరాలను కూడా అది దాదాపుగా నిలువ చేయదు. 2024 నుండి మన నంబరు ఇతరులకు కనబడకుండానే అందులో మాట్లాడుకొనవచ్చును. గ్రూపులో చేరగానే తమ నంబరు అందరి చేతిలో పడుతుందని సంకోచించే మహిళా సభ్యులకు ఇది చిన్న సౌకర్యం కాదు. కమిటీ చర్చలకు సిగ్నల్ వాడవలెనని మా అభిప్రాయం. పెళ్ళి కబుర్లకు, పండుగ శుభాకాంక్షలకు వాట్సాప్ ఉండనే ఉన్నది. దానిని మానుకొమ్మని మేము చెప్పడం లేదు.

ఇంతకన్న ప్రమాదకరమైనది అప్పు యాప్. నెలాఖరున చేతిలో డబ్బు ఆడక, అయిదు నిమిషాల్లో అప్పు అన్న ప్రకటన చూసి ఒక సభ్యుడు దానిని ఫోనులోకి దించుకుంటాడు. అది పరిచయాల జాబితా చూడటానికి అనుమతి అడుగుతుంది, అతడు సరేనంటాడు. వాయిదా తప్పిన మరునాడు అతని బావమరిదికి, స్టేషను మాస్టరుకు, సంఘ కార్యదర్శికి ఫోన్లు మ్రోగుతాయి. 2020లో తెలంగాణలో ఇటువంటి వేధింపులకు తాళలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. అప్పు యాప్‌లు పరిచయాల జాబితాను, కాల్ వివరాలను ముట్టరాదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆదేశాన్ని లెక్కచేయని దొంగ యాప్‌లు ఇంకను పుట్టుకొస్తూనే ఉన్నాయి. అనుమతి ఇచ్చినది ఒక్కడే, చిక్కుకున్నవారు అందరూ. మీ ఫోనులోని ఆ జాబితా మీ ఒక్కరి సొత్తు కాదు. అందులో మన సభ్యత్వ పుస్తకమంతా ఉన్నది.

యజమాని ప్రభుత్వ రంగ సంస్థ అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ప్రయాణికుల సమాచారంతో ఆదాయం గడించే మార్గాలు సూచించుటకు సలహాదారు కావలెనని 2022 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. టెండరు పిలిచింది. విమర్శలు చెలరేగగా అదే నెలలో ఉపసంహరించుకున్నది. నోరెత్తితే ఫలితముంటుందనడానికి దీనిని గుర్తుంచుకోండి. అట్లే, డిపార్టుమెంటు ఇచ్చిన పరికరంలో సంఘం పని, ఇంటి పని రెండూ చేయవద్దు. ఆ పరికరం యాజమాన్యానిది.

ప్రతి శాఖకు మా విజ్ఞప్తి ఇది. వచ్చే సర్వసభ్య సమావేశానికి ఒక గంట ముందే తలుపులు తెరచి, ఫోను బాగా తెలిసిన ఇద్దరు యువ సభ్యులను బల్ల దగ్గర కూర్చోబెట్టండి. సెట్టింగులలో ఏ యాప్‌కు ఏ అనుమతి ఉన్నదో వారు చూపుతారు; టార్చిలైటు యాప్‌కు మన పరిచయాలతో పనేమిటో సభ్యులే అడుగుతారు. హోటలు గదికి, సిమ్ కార్డుకు ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్కు ఆధార్ చాలునేమో ముందు అడగమని చెప్పండి. డబ్బు మోసపోయినవారు సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930కు ఫోను చేయవలెను. అప్పు అవసరమైనవారిని మన సహకార పరపతి సంఘం కార్యదర్శి వద్దకు పంపండి. ఆయన కాగితాలు అడుగుతాడు, నాలుగు రోజులు త్రిప్పుతాడు, కాని మీ బావమరిదికి మాత్రం ఫోను చేయడు.