ఖ్లెమూత్సి గిరిదుర్గం

గ్రీసు దక్షిణాన ఉన్న పెలోపొన్నీసస్ ద్వీపకల్పపు వాయవ్య కొసన, ఒకవైపు అయోనియన్ సముద్రమూ మరొకవైపు ఎలిస్ మైదానమూ కనిపించే కొండమీద ఖ్లెమూత్సి అనే శిథిల గిరిదుర్గం ఉంది. దీనిని కట్టించినవారు గ్రీకులు కారు. జెరూసలేం కోసమని బయలుదేరిన పశ్చిమ ఐరోపా క్రైస్తవ యోధుల దండు, అంటే నాల్గవ క్రూసేడు సైన్యం, దారి మళ్లి 1204లో సాటి క్రైస్తవుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టిన తరువాత, బైజాంటైన్ సామ్రాజ్యాన్ని పంచుకొన్న ప్రభువులలో కొందరు ఫ్రెంచివారు పెలోపొన్నీసస్‌లో అకాయియా సంస్థానాన్ని స్థాపించారు.

ఆ సంస్థానాన్ని ఏలిన విల్హార్డువాన్ వంశీయుడు జెఫ్రీ 1220 - 1223 మధ్య ఈ కోటను కట్టించాడు. అందుకు సొమ్ము సమకూర్చిన తీరు విడ్డూరమైనది. జయించిన భూములలో పెద్ద భాగం లాటిన్ చర్చికి, అంటే రోములోని పోపుకు లోబడిన మతాధికారులకు మాన్యాలుగా దక్కింది. యుద్ధానికి తోడ్పడమని ప్రభువు కోరగా, తాము పోపుకే తప్ప మరొకరికి బద్ధులము కామని వారు తోసిపుచ్చారట. అంతట అతడు ఆ మాన్యాల రాబడిని మూడేళ్లపాటు స్వాధీనపరచుకొని కోటకు వెచ్చించి, మతబహిష్కారాన్ని సైతం భరించి, పని ముగిశాక 1223లో పోపు మూడవ హొనోరియస్‌తో రాజీపడ్డాడు. శిలువ పేరిట వచ్చినవారు చర్చి ధనంతోనే కోట కట్టుకోవడం ఆ దండయాత్ర స్వభావానికి తగినట్టే ఉంది.

శిఖరాన ఉన్న లోకోట ఆరు భుజాలది. నడిమి ముంగిలి చుట్టూ, రాతి కమానుకప్పులు గల పొడవైన శాలలు వరుసగా ఉంటాయి. పడమట దిగువన విశాలమైన వెలికోట ఉంది. సమీపంలోని గ్లారెంజా రేవులో సంస్థానపు టంకసాల ఉండేది గనుక, ఈ దుర్గం రేవునూ, దాని మీదుగా సాగే వర్తకాన్నీ కాచేది.

ఇంత పటిష్ఠమైన కోట భవితవ్యాన్ని ఫిరంగులకన్న పెళ్లిళ్లే ఎక్కువగా నిర్ణయించాయి. విల్హార్డువాన్ ఆడపడుచు మార్గరెట్, తన కుమార్తెను మయోర్కా రాజకుమారుడు ఫెర్డినాండ్‌కు ఇచ్చినందుకు ఇక్కడే బందీయై 1315లో మరణించింది. అదే ఏడు ఆ అల్లుడు దండెత్తి కోటను పట్టుకొన్నాడు గాని, మరుసటి యేడు మనోలాదా యుద్ధంలో హతుడయ్యాడు. 1428లో కాన్‌స్టాంటైన్ పాలయొలోగస్, అప్పటికి ఈ కోటను ఏలుతున్న తొక్కో వంశపు కన్యను వివాహమాడి దీనిని పొందాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను కాపాడుతూ ప్రాణాలు విడిచిన చివరి బైజాంటైన్ చక్రవర్తి అతడే. 1460లో ఇది ఒట్టోమాన్ తురుష్కుల వశమై, 1687లో వెనిస్‌కు చిక్కి, 1715లో మళ్లీ తురుష్కుల పాలైంది.

గ్రీకు స్వాతంత్ర్య సమరంలో, 1825లో, ఈజిప్టు సేనాని ఇబ్రహీం పాషా దీనిలో కొంత భాగాన్ని ధ్వంసం చేశాడు. మిగిలిన కట్టడాన్ని గ్రీకు పురావస్తు శాఖ బాగుచేయించింది. నేడు లోకోట శాలలలోనే క్రూసేడర్ల కాలపు పెలోపొన్నీసస్‌ను పరిచయంచేసే ప్రదర్శనశాల నడుస్తున్నది.