వేసవిలో ఏటి చేపలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘమువారు నన్ను మాటాడుమని కోరి, విషయమును నా యిష్టమునకే విడిచినారు. గ్రంథాలయోద్యమమును గూర్చియు, కవిత్వమును గూర్చియు చెప్పగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. కావున నేను చేపలను గూర్చి మాటాడెదను. నవ్వవలదు. అనువాద కథలు చదువుచున్న పిల్లలు ఈ గ్రంథాలయములో తరచుగా అడుగు ప్రశ్నలలో ఒకటి, "ట్రౌటు అనగా నేమి?" అని. ఆ కథలలో వేసవి సెలవులు రాగానే ఎవడో యొకడు గాలపు కర్ర భుజమున వేసికొని కొండవాగునకు పోవును. దినమంతయు మోకాటి నీట నిలుచును. ప్రొద్దుగ్రుంకునప్పటికి రెండు ట్రౌటులు తెచ్చును. నిఘంటువు చూచినచో "ఒక విధమైన చేప" అని యుండును. అది తప్పు కాదు గాని, ఆకలిగొన్నవానికి అన్నమనగా నొక పదార్థమని చెప్పినట్లుండును.

ట్రౌటు చలినీటి చేప. యూరపు ఖండపు ట్రౌటు గోధుమవన్నె మేనిపై నలుపు, ఎఱుపు చుక్కలు గలది. ఉత్తర అమెరికా పడమటి నదులలో పుట్టిన వేరొక జాతికి ప్రక్కలయందు గులాబి రంగు చార యుండును. దానిని ఇంద్రధనుస్సు ట్రౌటందురు. రెండును రాళ్ళమీద గలగల పాఱు తేటనీటిని కోరును. దీనికి కారణము రుచిభేదము కాదు, ఊపిరి. నీటిలో కరగియుండు ప్రాణవాయువును బట్టియే చేప బ్రదుకును. నీరు చల్లనైనకొలది ఆ వాయువు ఎక్కువగా కరగును. 10 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో లీటరునకు సుమారు 11 మిల్లీగ్రాములు కరగగలదు. 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించదు. మన మున్నేటి వేసవి నీటిలో ట్రౌటును విడిచినచో, దాని కథ ఆ పూటతోనే ముగియును.

అయినను అది మన దేశమునకు రాలేదనుకొనరాదు. ఆంగ్లేయులు తమ వినోదమును విడిచి యుండలేక దానిని ఓడలపై తెప్పించిరి. మన దేశపు మత్స్యములను గూర్చి గొప్ప గ్రంథము వ్రాసిన ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు 1860ల దశకములోనే నీలగిరులకు తేజూచి విఫలుడాయెను. కాశ్మీరమునకు 1899లో పంపిన గ్రుడ్లు చెడిపోయినవి. 1900లో పంపిన గ్రుడ్లు దక్కినవి. శ్రీనగరము చెంత హర్వన్‌లో పిల్లలు లేచినవి. పిమ్మట నీలగిరి కొండలలోను, కులూ లోయలోను గూడ ట్రౌటు స్థిరపడినది. నేడు పహల్గాము ప్రక్కనుండి పాఱు లిద్దరు నదిలో వేసవియందు గాలము వేయవలెనన్న అనుమతి పత్రము కావలెను. దినమునకు ఇన్ని చేపలకు మించి పట్టరాదను కట్టడి యున్నది. ఈ మాటను కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని పడును.

గాలపు వేటను గూర్చి ఆంగ్లమున మిక్కిలి పేరుపొందిన గ్రంథము ఐజాక్ వాల్టనుది. 1653లో తొలిసారి అచ్చుపడినది. అది చేపలు పట్టు విధానము చెప్పుచునే తీరికను, స్నేహమును గూర్చి ముచ్చటించు పుస్తకము. ఇట్టి వినోదము వారికే గలదని కొందఱు తలంతురు. వాల్టనుకు ఐదువందల ఏండ్లకు పూర్వము, పండ్రెండవ శతాబ్దమున, కల్యాణ పురము రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున మానసోల్లాసమను గ్రంథము వ్రాసెను. అందు రాజులకు తగిన వినోదములను వర్ణించుచు మత్స్యవినోదమున కొక ప్రకరణము కేటాయించెను. సముద్రపు చేపలేవి, నదీమత్స్యములేవి, పొలుసు గలవేవి, లేనివేవి, దేనికే యాహారము పెట్టవలెను, కర్ర యెట్లుండవలెను, త్రాడెట్లుండవలెను అని ఓపికగా చెప్పినాడు. సుందరలాల్ హోరా యను మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో ఆ ప్రకరణమును పరిశీలించి లోకమునకు తెలియజేసినాడు. ఆ రాజు ఒడ్డున కూర్చుండి నీటివంక చూచియుండకున్న ఆ సంగతులు వ్రాయగలిగెడివాడు కాడని నా నమ్మకము.

ఇక మన యేటికి వత్తము. శివరాత్రి దాటినది మొదలు మున్నేరు సన్నగిల్లును. చైత్రము నాటికి పాయలు తెగి, ఇసుకతిన్నెల నడుమ మడుగులు మాత్రమే నిలుచును. రోహిణీ కార్తెలో ఒడ్డున నడుచువాని పాదము కాలును. చెలమ త్రవ్వినగాని త్రాగునీరు దొరకదు. ఆ దినములలో ఏటి చేపలన్నియు ఆ నాలుగైదు మడుగులలోనే తల దాచుకొనును. కావున వేసవి మనకు చేపల కాలము; చేపలకు ప్రాణగండము.

ఆ గండమును గడచుటకు ఒక్కొక్క చేప ఒక్కొక్క ఉపాయము నేర్చినది. కొర్రమీను నీటిలోని వాయువుపై మాత్రమే ఆధారపడదు. మాటిమాటికి పైకి వచ్చి గాలి పీల్చి మునుగును. మడుగు అడుగంటినచో తడి బురదలో దూరి వానకై వేచియుండును. మార్పు, ఇంగిలాయి గూడ అట్లే గాలి పీల్చగలవు. అందుచేతనే బురదకుంటలో సైతము బ్రదుకును. గొరక యింకను సాహసి. తడినేలమీద మొప్పల డిప్పలను ఊతగా మోపుకొని ప్రాకుచు మఱియొక కుంటకు పోజూచును. బొమ్మిడాయి ఇసుకలో దూరి ముక్కు మాత్రము బయట పెట్టును. మలుగు రాళ్ళ సందుల జేరును. పరకలు, జెల్లలు మాత్రము లోతు నీటినే నమ్ముకొన్నవి. ఇక బొచ్చె పెద్ద మనిషివంటిది; ఎక్కువ నీరు, ఎక్కువ తావు లేనిదే ఇమడదు.

వాలుగను ప్రత్యేకముగా చెప్పవలెను. పొలుసు లేని దేహము, పెద్ద నోరు, బారెడు మీసములు. మనిషి పొడవు పెరిగినదానిని చూచినవారున్నారు. పగలు లోతున పండుకొని రాత్రి వేటకు వెడలును, దొరికినదెల్ల మ్రింగును. శాస్త్రజ్ఞులు దాని జాతికి పెట్టిన లాటిను పేరు వల్లాగో. అది లాటిను గాదు సుమండీ, మన వాలుగయే! విశాఖపట్టణమున చేపలను సేకరించి పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1803లో రెండువందల చేపల బొమ్మలతో గ్రంథము ప్రకటించినపుడు, ఇచ్చటి జాలరులు చెప్పిన పేర్లనే వ్రాసికొన్నాడు. మన బెస్తవాని నోటి మాట ప్రపంచపు శాస్త్రగ్రంథములలో నిలిచిన దనగా మనము కొంచెము గర్వపడవచ్చును. మన బడిపిల్లలలో ఎందఱు వాలుగను చూచి వాలుగ యని గుర్తింతురో నేనడుగను.

గాలము వేయుటలో మనవారి నేర్పు తక్కువది కాదు. సన్నని వెదురు కర్ర, గట్టి దారము, నీటిపై తేలుటకు జీలుగు బెండు. పరకలకు పిండిముద్ద చాలును; జెల్లలకు వానపాము; కొర్రమీనుకు చిన్న కప్ప. వేళ తెలియుట అన్నిటికంటె ముఖ్యము. ఎండ ముదిరిన పిమ్మట చేప లోతునకు దిగి యెరను ముట్టదు. కదలని మడుగులో వేకువకు ముందు నీటిలోని ప్రాణవాయువు మిక్కిలి తగ్గును; ఏలనన రాత్రియంతయు నీటిమొక్కలు సైతము ఆ వాయువునే పీల్చుకొనును. అప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెఱచుకొని యుండును. అది ఎర కోరి కాదు, ఊపిరికై. తెలిసినవాడు ఆ వేళ వల వేయడు. ప్రొద్దు పొడిచి జామైన తర్వాతను, సాయంకాలము నీడలు సాగునప్పుడును కూర్చుండును. కూర్చుండుట యనునది గాలపు విద్యలో ముప్పాతిక భాగము. జెల్లను గాలమునుండి విప్పునపుడు ముల్లు గ్రుచ్చుకొనకుండ పట్టుట తక్కిన పాతిక. ఇంగిలాయి ముల్లు తగిలినవాడు ఈ లెక్కను ఒప్పుకొనక, అదియే సగమనును.

నేను బడిపంతులుగా నున్న దినములలో వేసవి సాయంకాలములు ఏటియొడ్డున ఒక వృద్ధ బెస్తతో గడుపుచుండెడివాడను. ఆయన విసురువల వేసినపుడు అది నీటిపై పున్నమి చంద్రునివలె గుండ్రముగా పడెడిది. ఒకనాడు మడుగులో మూడుమార్లు వల వేసి, చేపలింకను దండిగా నుండగనే వలను దులిపి భుజమున వేసికొన్నాడు. "అదేమి తాతా, ఇంకొక్క విసురు వేయరాదా?" అంటిని. "పంతులుగారూ, మడుగంతా ఇప్పుడే ఎత్తుకుంటే, కొత్తనీళ్ళు వచ్చాక ఏటికి ఏం మిగులుద్ది?" అన్నాడు. అంతకు మించి వివరింపలేదు. వలలో పడిన చిన్న పిల్లలను ఏరి నీటిలో విడుచుచు కూర్చుండెను.

ఆ మాటలో నున్న శాస్త్రము నాకు పుస్తకములు చదివిన పిదపగాని బోధపడలేదు. బొచ్చె మొదలగు పెద్ద పొలుసు చేపలు నిలిచిన చెఱువు నీటిలో సహజముగా గ్రుడ్లు పెట్టవు. వానకాలపు వరదనీరు పాఱినపుడే ఏటిలో ఈనును. పూర్వము చెఱువులలో విడుచు పిల్లలన్నియు అట్లు నదులనుండి ఏరి తెచ్చినవే. 1957లో ఒరిస్సాలోని అంగుల్ యందు హీరాలాల్ చౌధురి, అలికున్హి యను శాస్త్రజ్ఞులు చేప మెదడు క్రింద నుండు గ్రంథి రసమును సూదితో ఎక్కించి, చెఱువు చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. కొల్లేటి ప్రాంతమున నేడు మనము చూచు చేపల చెఱువుల సంపదకు పునాది అచ్చటనే పడినది. అందుచేత బొచ్చెకు ఏరు లేకున్నను గడచును. వాలుగకు, బొమ్మిడాయికి, జెల్లకు అట్టి ఆదరణ ఏదీ? వాటికి మున్నేటి మడుగే పురిటిగది. వేసవిలో మడుగున మిగిలిన తల్లిచేపలే ఆషాఢపు వరదలో ఏటినంతటిని నింపవలెను. కొర్రమీను తన పిల్లల గుంపును కావలి కాయును. ఎఱ్ఱని పిల్లలు నీటిపై ముద్దగా తిరుగుచుండ, క్రిందనే పెద్దచేప యుండును. ఆ సమయమున పెద్దదానిని గాలమునకు లాగినవాడు ఒక్క చేపను గాదు, ఆ గుంపునంతటిని తిన్నట్లే.

ఇప్పుడు మడుగులయందు జరుగుచున్న పని వేట కాదు. మందుగుండు వేయువారు, విషము కలుపువారు, బ్యాటరీ తీగలు నీటిలో పెట్టి కరెంటుతో చంపువారు బయలుదేఱినారు. వారికి కావలసిన చేప పది తేలినచో, పనికిరాని పిల్లలు వేలు తేలును. నీటిలో మందుగుండు వేయుటయు, విషము కలుపుటయు నేరమని 1897 నాటి మత్స్య చట్టమే చెప్పినది; రెండు మాసముల వరకు ఖైదు, 200 రూపాయల వరకు జుర్మానా యని శిక్షయు వ్రాసినది. చట్టము పుస్తకములో నున్నది. మడుగు ఊరి బయట నున్నది. దీనికి తోడు ఇసుక తవ్వకము. ఇసుక యేటికి దుప్పటివంటిది. పై నీరు ఎండినను లోతట్టున చెమ్మను కాచి మడుగులకు ఊటనిచ్చును. ఆ దుప్పటిని లారీలకెత్తిన చోట మడుగు వైశాఖమునకే పగుళ్ళిచ్చుచున్నది. మఱియొక ప్రక్క 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా, మనవారు జిలేబీ యని పిలుచునది, ఏటిలో జొరబడి త్వరత్వరగా పిల్లలను పెట్టి తావు నాక్రమించుచున్నది. పేరు తీపి, పని చేదు.

కాశ్మీరమున పరదేశపు ట్రౌటుకు కావలివారున్నారని మొదట చెప్పితిని. మన వాలుగకు లేరు. అయినను కావలి యనగా సర్కారు బంట్రోతే కానక్కఱలేదు. కన్నడ దేశమున శృంగేరిలో తుంగానది మడుగునందలి చేపలను ఎవ్వరును ముట్టరు. వచ్చినవారు పేలాలు వేసి పోవుదురు. కావేరి యొడ్డున రామనాథపురమునను అట్లే. అచ్చట కాచుచున్నది భక్తి. ఇచ్చట మనకు మాట కట్టుబాటు చాలును.

మన యూరి సరిహద్దులో వేసవికి నిలుచు మడుగులు నాలుగు. వాటిలో గుడి మెట్ల క్రిందిది అన్నిటికంటె లోతైనది. శివరాత్రి మొదలు మృగశిర కార్తె దాటి కొత్తనీరు వచ్చువఱకు ఆ ఒక్కదానిలో వల గాని, గాలము గాని వేయరాదని గ్రామస్థులు తీర్మానింపవలెనని నా ప్రార్థన. తక్కిన మూడింట బెస్త సోదరుల జీవనమునకు అడ్డు రారాదు. ఆ మడుగులలో చిన్నకన్నుల వలలు మాత్రము మానవలెను. ఈ సంగతి వారితో ముందుగా ముచ్చటించితిని. పెద్దలు ఒప్పుకొన్నారు. మృగశిరనాడు చేప తినుట మనకు ఆచారము గదా యని యొక యువకుడు శంకించినాడు; ఆనాటికి మూడు మడుగుల చేప చాలునని వారిలోని పెద్దయే సమాధానము చెప్పినాడు. కరెంటు తీగలతో వచ్చువారిని ఆపుట బెస్తల వలన మాత్రమే కాదు. దానికి ఊరంతయు కావలెను. తీర్మానము కాగితమును కార్యదర్శి గారికి ఇచ్చియున్నాను. సభానంతరము వేళ్ళు సాగి సంతకములు జరుగునని ఆశించుచున్నాను.

రెండవ కోరిక గ్రంథాలయమునకు సంబంధించినది. చదువరుల బల్లమీద నేటినుండి ఒక నోటు పుస్తకముండును. ఏటిలో ఎవరే చేపను చూచినను పేరు, తేది, మడుగు, సుమారు పొడవు అందు వ్రాయవలెను. వ్రాయరానివారు చెప్పినచో పిల్లలు వ్రాయుదురు. నేనిప్పుడు పేర్కొన్న మున్నేటి చేపలను మొదటి పుటలో వ్రాసితిని: కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక, బొమ్మిడాయి, మలుగు, పరక, జెల్ల, బొచ్చె, వాలుగ. పదునొకండవది జిలేబీ, వ్రాయుటకు మనసొప్పకున్నను వ్రాసితిని, ఉన్నదానిని లేదనరాదు గదా. వాలుగ పేరునకు ఎదుట తేది యింకను ఖాళీగా నున్నది.

సెలవు.